ముప్పై ఏళ్ల సింగిల్ మాల్ట్‌లో మామిడిపండు ఎక్కడుంది?

ప్రశ్న: మా బావగారు ఇన్వర్‌నెస్ నుంచి వస్తూ టొమాటిన్ 1976 విస్కీ సీసా ఒకటి తెచ్చారు. ముప్పై ఏళ్లు దాటిన సింగిల్ మాల్ట్, ఆల్కహాల్ 48 శాతం. మామిడి, జామ, ప్యాషన్ ఫ్రూట్ అంటూ దీని గురించి తాగినవాళ్లంతా రాస్తున్నారు. హైదరాబాద్‌లో మా ఇంట్లో సీసా తెరిచి ఒక పెగ్గు పోసుకుంటే నాకు స్పిరిట్ ఘాటు తప్ప ఏమీ తెలియలేదు. నా ముక్కులో లోపమా? ఆ పండ్ల వాసన ఏదైనా కలుపుతారా? నీళ్లు పోయొచ్చా? బావగారు ఐసు వేసుకోమంటున్నారు, స్నేహితుడు అది పాపం అంటున్నాడు. సీసా తెరిచాక ఎన్నాళ్లు ఉంటుంది?

జవాబు:

మీ ముక్కు బాగానే ఉంది. మీరు తాగిన తీరు చెప్పలేదు కానీ నేను ఊహించగలను. వెడల్పాటి గ్లాసు, 60 మిల్లీలీటర్ల పెగ్గు, పోసిన రెండు నిమిషాల్లో మొదటి గుక్క, పక్కన ఏదో కారంగా తినడానికి. నేనూ మొదటిసారి అలాగే చేశాను. స్కాట్లాండ్‌లోని ఈ అబర్డీన్‌కు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, మా ఆఫీసులో రిటైరవుతున్న ఒక పెద్దాయన తన దగ్గర దాచుకున్న పాత మాల్ట్ నాకు కొంచెం పోశారు. అప్పటికే కూరతో కడుపు నిండా తిని ఉన్నాను. రెండు గుక్కల్లో ఖాళీ చేసి ‘బాగుంది’ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. వారం తర్వాత ఇంటికి పిలిచి, వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, అదే సీసాలోంచి బొటనవేలి మందం పోసి, గ్లాసు మీద చిన్న సాసర్ మూసి, నలభై నిమిషాలు కబుర్లు చెప్పారు. సాసర్ తీయగానే మా అమ్మమ్మగారింట్లో గడ్డి కింద మామిడికాయలు మగ్గేసిన గది గుర్తొచ్చింది. అది జరిగి పదహారేళ్లయింది. అప్పటినుంచి వీలున్న శనివారాలన్నీ విస్కీ డిస్టిలరీలుండే స్పేసైడ్ వైపే పోయాయి.

పండ్ల వాసన కలుపుతారా అనేది అందరికీ వచ్చే అనుమానమే. కలపరు, కలపకూడదు కూడా. 2009 నాటి స్కాచ్ విస్కీ నిబంధనలు ఈ విషయంలో చాలా గట్టివి. సింగిల్ మాల్ట్ అంటే మొలకెత్తించిన బార్లీ, నీళ్లు, ఈస్ట్, అంతే. ఒకే డిస్టిలరీలో రాగి పాట్ స్టిల్స్‌లో, అంటే కుండలాంటి బట్టీ పాత్రల్లో, బట్టీ పట్టాలి. 700 లీటర్లకు మించని ఓక్ పీపాల్లో, స్కాట్లాండ్‌లోనే, కనీసం మూడేళ్లు ఉంచాలి. సీసాలో పెట్టేటప్పటికి 40 శాతం కంటే తగ్గకూడదు. నీళ్లు కాక కలపడానికి అనుమతి ఉన్నది రంగు కోసం వాడే కారమెల్ ఒక్కటే. అందుకే రంగు చూసి వయసు అంచనా వేయకండి. నేను చూసిన గొప్ప పాత మాల్ట్‌లలో కొన్ని ఎండిన వరిగడ్డి రంగు దాటలేదు.

మరి పండు ఎక్కడిది? పులియడంలోంచి వచ్చింది. పొద్దున దింపిన కల్లుకూ సాయంత్రం కల్లుకూ వాసనలో తేడా తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. బార్లీ తీపినీళ్లలో ఈస్ట్ వేస్తే రెండు రోజుల్లో చక్కెర చాలావరకు ఆల్కహాల్‌గా మారిపోతుంది. తొందరపడే చోట 48 గంటలకే దాన్ని స్టిల్‌లోకి పంపేస్తారు. అలా చేస్తే విస్కీలో వేయించిన గింజల వాసన, ధాన్యం వాసన ముందుంటాయి. ఇంకో రోజు, రోజున్నర ఆగితే ఈస్ట్ అలసిపోయి లాక్టిక్ బాక్టీరియా పని మొదలుపెడుతుంది. అంటే మన పెరుగు తోడుకునేటప్పుడు పనిచేసే రకం బంధువులే. పండ్ల వాసనలు పెరిగేది ఆ ఆఖరి గంటల్లో.

ఆ వాసనలిచ్చే పదార్థాలను ఎస్టర్లు అంటారు. అరటిపండు వాసన ఇచ్చేది ఐసోఅమైల్ అసిటేట్, అదే పదార్థం విస్కీలోనూ ఉంటుంది. ఆపిల్‌ని గుర్తుచేసేది ఇథైల్ హెక్సనోయేట్. అనాసలోనూ మామిడిలోనూ దొరికే ఇథైల్ బ్యూటిరేట్ కూడా కొద్దిగా ఉంటుంది. కాబట్టి ‘మామిడి వాసన వస్తోంది’ అని ఎవరైనా అంటే అది కవిత్వం అని కొట్టిపారేయకండి. పండులో ఉన్న అణువే గ్లాసులోనూ ఉండవచ్చు. తక్కిన పని స్టిల్‌ది. నెమ్మదిగా మరిగిస్తే ఆవిరి రాగిని ఎక్కువసేపు తాకుతుంది, గంధకం వాసనలను రాగి పట్టేసుకుంటుంది. కుళ్లిన కోడిగుడ్డు, ఉడికిన క్యాబేజీ తరహా వాసనలు తొలగితే పండు బయటికి కనబడుతుంది. బట్టీలో ముందుగా వచ్చేదాన్నీ, చివర వచ్చేదాన్నీ వదిలేసి మధ్య భాగమే పీపాకు పంపుతారు. ఆ మధ్య భాగంలోనూ మొదట వచ్చేదే పండ్ల వాసనది. తర్వాత వచ్చేకొద్దీ బరువు, తోలు, పొగాకు లాంటి వాసనలు చేరతాయి.

ఇక పీపా. ఇక్కడ చాలామంది పొరబడతారు. ముప్పై ఏళ్లు ఓక్ పీపాలో ఉంటే గొప్పదైపోతుందని అనుకుంటారు. కొత్త పీపాలో అన్నేళ్లుంచితే చెక్క తప్ప ఏమీ మిగలదు. పండు నిలిచిన పాత మాల్ట్‌లు చాలావరకు అప్పటికే ఒకటి రెండుసార్లు విస్కీకి వాడిన పీపాల్లో పెరిగినవి. టీపొడిని రెండోసారి, మూడోసారి మరిగించినట్టు అనుకోండి. అలాంటి పీపా చెక్కను తక్కువ ఇస్తుంది, గాలిని మాత్రం లోపలికి పోనిస్తుంది. ఆ గాలితో ఆమ్లాలూ ఆల్కహాలూ ఏళ్ల తరబడి మెల్లగా కలిసి కొత్త ఎస్టర్లు పుడతాయి. కుర్ర విస్కీలో పచ్చి ఆపిల్, బేరిపండు ఉన్నచోట ముప్పై ఏళ్ల తర్వాత మామిడి, జామ, అనాస కనబడటానికి ఈ నెమ్మదితనమే కారణం.

స్కాట్లాండ్ చలిలో పీపాలోంచి ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుంది. దీన్నే దేవదూతల వాటా అంటారు. 250 లీటర్ల హాగ్స్‌హెడ్ పీపా నింపి పెడితే ముప్పై ఏళ్లకు లెక్క ప్రకారం 136 లీటర్లు మిగులుతుంది. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ వాళ్లకు ఇదే నష్టం ఏడాదికి 10 శాతం పైమాటే. అక్కడ ముప్పై ఏళ్లు ఉంచితే పీపా అడుగు తడిసి ఉంటుంది, అంతే. అందుకే వాళ్లు ఎనిమిదేళ్లు, పదేళ్లు ఉంచినదానికే ‘గ్రీడీ ఏంజెల్స్’, అంటే అత్యాశ దేవదూతలు, అని పేరు పెట్టుకున్నారు. నాకు ఆ పేరు చాలా ఇష్టం. ఎండలో పెరిగిన విస్కీ త్వరగా ముదురుతుంది. అది తక్కువని కాదు, అది వేరే రుచి. మీ సీసాలో ఉన్న రకం పండు మాత్రం చలిలోనే పండుతుంది.

స్కాట్లాండ్ గిడ్డంగుల తేమలో నీళ్లకంటే ఆల్కహాల్ ఎక్కువగా పోతుంది, బలం ఏడాదికేడాది పడిపోతుంది. 40 శాతం కిందకి జారితే దాన్ని ఇక స్కాచ్ అని అమ్మడానికి వీల్లేదు. ముప్పై ఏళ్లు దాటి 48 దగ్గర నిలబడిందంటే మీ పీపా బాగున్నట్టే. ఒకసారి రాళ్ల గోడలు, మట్టి నేల ఉన్న పాత గిడ్డంగిలోకి వెళ్లే అవకాశం వచ్చింది. లోపల చీకటి, బూజు, తడిమట్టి, ఎక్కడో పళ్లబుట్ట మర్చిపోయినట్టు తీపి వాసన. గిడ్డంగి చూసుకునే ఆయన పీపా మూత సుత్తితో కొట్టి వదులు చేసి, పొడుగాటి రాగి గొట్టం లోపలికి దించి, పైకొన బొటనవేలితో మూసి పైకి లాగారు. ఆ గొట్టాన్ని వాలించ్ అంటారు. గ్లాసులో పోసేముందు కొంచెం నేలమీద ఒలకబోశారు. ఎందుకని అడిగితే నవ్వారు, అంతే.

ఇంకో మాట. సీసాలోకి చేరాక విస్కీ వయసు పెరగదు. 1976లో బట్టీ పట్టి 2008లో సీసాలో పెడితే అది 32 ఏళ్లదే, ఇంకో యాభై ఏళ్లు అటక మీద దాచినా 32 ఏళ్లదే. లేబుల్ మీద వయసు ఉంటే అది అందులో ఉన్న అతి చిన్న విస్కీ వయసు. ‘దాచిపెడితే ఇంకా మాగుతుంది’ అని మన పెళ్లిళ్లలో పెద్దలు చెప్పే మాట వైన్‌కి కొంతవరకు నిజం, దీనికి కాదు.

టొమాటిన్ గురించి నాలుగు మాటలు. ఇన్వర్‌నెస్‌కి దక్షిణంగా పాతిక కిలోమీటర్ల దూరంలో కొండ మీద ఊరు. పేరుకు అర్థం జునిపర్ పొదల గుట్ట. అక్కడి డిస్టిలరీ 1897లో మొదలైంది, పదేళ్లు తిరక్కుండా దివాలా తీసింది, 1909లో మళ్లీ తెరిచారు. 1974కి 23 స్టిల్స్ ఉండేవి, స్కాట్లాండ్‌లోని పెద్ద డిస్టిలరీల్లో ఒకటి. అక్కడ తీసిన సరుకులో ఎక్కువ భాగం బ్లెండెడ్ విస్కీల్లో, అంటే చాలా చోట్ల విస్కీలు కలిపి చేసేవాటిలో, కలవడానికే పోయేది. సింగిల్ మాల్ట్‌గా ఎవరూ పట్టించుకోలేదు. 1980లలో అమ్మకాలు పడిపోయి పరిశ్రమంతా కుదేలైనప్పుడు ఇదీ మూతపడే స్థితికి వచ్చింది. 1986లో జపాన్‌కు చెందిన తకారా షుజో, ఒకురా సంస్థలు కొన్నాయి. పూర్తిగా జపాన్ చేతికి వెళ్లిన మొదటి స్కాచ్ డిస్టిలరీ ఇదే. బ్లెండ్‌లలోకి పోకుండా ఎక్కడో మిగిలిపోయిన 1976 పీపాలను తర్వాత స్వతంత్ర బాట్లర్లు, అంటే ఇతరుల పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో నింపేవాళ్లు, కొని తెరిచి చూస్తే లోపల పండ్లతోట ఉంది. అలా పేరొచ్చింది. అమ్ముడుపోక మిగిలిన సరుకు ముప్పై ఏళ్ల తర్వాత అపురూపమవడం విస్కీ చరిత్రలో చాలాసార్లు జరిగింది.

పండ్ల మాల్ట్ అనగానే ఇక్కడివాళ్లు టొమాటిన్‌కంటే ముందు తలచుకునేది 1960లలో తీసిన బౌమోర్. ఐలా దీవిలో 1779 నాటి డిస్టిలరీ. 1964లో షెర్రీ అనే స్పెయిన్ వైన్ పీపాల్లో నింపినదాన్ని 1993లో ‘బ్లాక్ బౌమోర్’ పేరుతో మొదటిసారి బయటికి తెచ్చారు. నేను ఆ కాలపు బౌమోర్‌ని జీవితంలో రెండుసార్లు, కలిపి ముప్పై మిల్లీలీటర్లు తాగి ఉంటాను. పొయ్యి పొగ వెనక నుంచి పనసతొన వాసన వచ్చింది. ఇంతకంటే చెబితే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది.

ఇప్పుడు అసలు పని. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి మొదట గది గురించి చెప్పాలి, ఎందుకంటే ఇక్కడి పుస్తకాల్లో ‘గది ఉష్ణోగ్రత’ అని రాస్తే అది 18, 20 డిగ్రీలు. మన ఏప్రిల్ గది 35. ఆ వేడికి ఆల్కహాల్ ముందు ఎగిరొచ్చి ముక్కు మూసేస్తుంది. మీకు తగిలిన ఘాటులో సగం ఇదే అయ్యుంటుంది. ఏసీ వేసిన గదిలో సీసాని రెండు గంటలు ముందుగా పెట్టండి. ఫ్రిజ్‌లో పెట్టొద్దు, మరీ చల్లబడితే వాసన బయటికే రాదు. భోజనానికి ముందు కూర్చోండి. తాలింపు, అగరుబత్తి, సెంటు, సబ్బు, ఏదీ దగ్గర్లో ఉండకూడదు. పండగరోజు అసలు వద్దు.

గ్లాసు కింద బొద్దుగా, పైన మూతి సన్నగా ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఇందుకోసమే చేసింది, 2001 నుంచి దొరుకుతోంది. లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. బార్‌లలో ఇచ్చే వెడల్పాటి గ్లాసులో వాసనంతా గదికి పోతుంది. వేడినీళ్లతో కడిగి, సబ్బు వాసన లేదని ముక్కు పెట్టి చూసుకోండి. అల్మరాలో బోర్లించిన గ్లాసుకు చెక్క వాసన, కలరా ఉండల వాసన పడుతుంది. నేను ఒకసారి అరగంటసేపు ఒక విస్కీలో కర్పూరం ఉందని వాదించాను. అది మా అల్మరాలోది.

20 మిల్లీలీటర్లు పోయండి. ఎక్కువ వద్దు. మూత పెట్టి వదిలేయండి. వయసుకి ఏడాదికో నిమిషం అని ఇక్కడ ఒక సామెత లాంటిది ఉంది. అక్షరాలా పాటించనక్కర్లేదు గానీ, ముప్పై ఏళ్లదానికి అరగంట ఇవ్వడం న్యాయమే. మూత తీశాక గ్లాసులో ముక్కు దూర్చకండి. గడ్డం దగ్గర పట్టుకుని, నోరు కొంచెం తెరిచి, మామూలుగా ఊపిరి తీసుకోండి. నోరు తెరిస్తే ఘాటు తగ్గుతుంది, ఎందుకో ప్రయత్నిస్తేనే తెలుస్తుంది. ఒక ముక్కురంధ్రంతో, తర్వాత రెండోదానితో చూడండి. రెండూ ఒకేలా చెప్పవు. వైన్‌లాగా గిరగిరా తిప్పకండి, తిప్పితే మళ్లీ ఆల్కహాలే ముందుకొస్తుంది. ఒక నిమిషం చూసి, గ్లాసు పక్కనపెట్టి, మీ చొక్కా చేతిని వాసన చూడండి. నవ్వకండి, ముక్కు అలా విరామం తీసుకుంటుంది. మళ్లీ గ్లాసు దగ్గరకి రండి.

టొమాటిన్ 1976 నాకు తెలిసినంతలో ఇలా తెరుచుకుంటుంది. సీసా ఒక్కొక్కటి కొంచెం తేడాగా ఉంటుంది, కాబట్టి దీన్ని పరీక్ష పేపరు కీలాగా చూడకండి. మొదట తేనెపట్టు మైనం, పాత బీరువా తెరిచినప్పటి చెక్క. దాని వెనక నారింజ తొక్క. ఐదు నిమిషాలకు పండిన జామ, అదీ లోపల ఎర్రగా ఉండే రకం. పదిహేను నిమిషాలు దాటాక మామిడి వస్తుంది. అది కోసిన బంగినపల్లి ముక్క కాదు. రసాల పండును మెత్తగా పిసికి, తొడిమ తీసి నోటికి పెట్టుకున్నప్పుడు తొడిమ దగ్గర వచ్చే జీడి కలిసిన తీపి వాసన. చివర్లో కొబ్బరి. ఆ కొబ్బరి పండుది కాదు, ఓక్ చెక్కలోని లాక్టోన్ అనే పదార్థానిది.

ఇంగ్లీషులో రాసే రుచి వర్ణనలు చదివి నీరసపడొద్దు. గూస్‌బెర్రీ, క్విన్స్, గ్రీన్‌గేజ్ అని వాళ్లు రాస్తారు. మనం వాటిని తినలేదు, కాబట్టి గ్లాసులో ఎంత వెతికినా దొరకవు. వాసనకు పేరు జ్ఞాపకంలోంచే రావాలి. అదే పాత మాల్ట్‌లోని వేడిదేశాల పండ్ల దగ్గరకి వచ్చేసరికి పరిస్థితి తిరగబడుతుంది. ఇక్కడివాళ్లకు మామిడి అంటే సూపర్ మార్కెట్లో దొరికే ఒక గట్టి కాయ. అందుకే వాళ్లు ‘మామిడి’ అని ఒక్క మాట రాసి ఊరుకుంటారు. మనకు చిన్న రసాలు వేరు, పెద్ద రసాలు వేరు, కలెక్టర్ వేరు, ఎండబెట్టిన తాండ్ర వేరు, కొత్తావకాయలో ముక్క వేరు. ఇక్కడి ఒక టేస్టింగ్‌లో నేను ‘ఇది పండు కాదు, తాండ్ర’ అని, తాండ్ర అంటే ఏమిటో వివరించేసరికి పది నిమిషాలు పట్టింది. తర్వాతి నెల ఇంటి నుంచి వచ్చిన ఆత్రేయపురం తాండ్ర తీసుకెళ్లి పంచాను. వాసన చూసి అందరూ ఒప్పుకున్నారు. ఈ ఒక్క రకం విస్కీ విషయంలో మీ ముక్కుకు ఇక్కడివాళ్లకంటే శిక్షణ ఎక్కువ. చిన్నప్పటి ఎండాకాలం సెలవులే ఆ శిక్షణ. తోచిన పేరు తెలుగులో కాగితం మీద రాసుకోండి. పనస, సీతాఫలం, మాగిన సపోటా, దబ్బకాయ తొక్క, ఏదైనా సరే.

ఇప్పుడు తాగండి. మొదటి గుక్క ఐదారు చుక్కలు మాత్రమే, నాలుక అలవాటుపడటానికి. దాని రుచి లెక్కలోకి తీసుకోకండి. రెండోది చెంచాడు. మింగకుండా నాలుక మీద, చిగుళ్ల వెంట పది పదిహేను సెకన్లు తిప్పండి. 48 శాతం మంట తగ్గి లాలాజలం ఊరుతుంది, అప్పుడు తీపి తెలుస్తుంది. మింగాక నోరు మూసి ముక్కుతో గాలి వదలండి. పండు బలంగా కనబడేది ఈ క్షణంలోనే, చాలామంది అప్పటికే రెండో గుక్క కోసం గ్లాసు ఎత్తేస్తారు. తర్వాత ఏం మిగిలిందో గమనించండి. మంచి పాత మాల్ట్‌లో మామిడి పోయాక ద్రాక్షపండు తొక్కలాంటి చిరుచేదు, మిరియం, కాస్త పుదీనా చల్లదనం నిమిషాల తరబడి ఉంటాయి.

పాతదైతే చాలు గొప్పదే అనుకోవద్దని కూడా చెప్పాలి. వేలంలో ఒకసారి నలభై ఏళ్ల సీసా కొని, నలుగురిని పిలిచి తెరిచాను. నాలుగు గంటలు మరిగించిన టీ డికాషన్‌లా వగరు, పెన్సిల్ చెక్కిన పొట్టు. పండు ఉండేదేమో, చెక్క తినేసింది. వచ్చినవాళ్లు మర్యాదకి ‘ఆసక్తిగా ఉంది’ అన్నారు. ఆ మాట ఇక్కడ ఎవరైనా అన్నారంటే నచ్చలేదని అర్థం. గోళ్ల రంగు వాసన కొంచెం ఉంటే పర్లేదు, అది ఇథైల్ అసిటేట్, పండ్ల వాసనను పైకి లేపుతుంది. అదే ముందుండి దబాయిస్తుంటే ఆ పీపా మంచిది కాదు.

వేలం అన్నాను కాబట్టి ఇంకోటి. బావగారు దుకాణంలో కొని ఉంటే బెంగ లేదు. పాత సీసాలను ముక్కూమొహం తెలియనివాళ్ల దగ్గర కొనేటప్పుడు జాగ్రత్త. 2018లో స్కాట్లాండ్ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పర్యావరణ పరిశోధన కేంద్రంలో 55 అరుదైన సీసాలను పరీక్షిస్తే 21 నకిలీవని తేలింది. 1950, 60లలో జరిగిన అణుపరీక్షల వల్ల గాలిలో పెరిగిన కార్బన్-14 ఆ తర్వాత పండిన బార్లీలోకి, అక్కడినుంచి విస్కీలోకి చేరింది. పందొమ్మిదో శతాబ్దపు విస్కీ అని అమ్మినదాంట్లో బాంబు తర్వాతి కార్బన్ కనబడితే ఇంకేం చెప్పాలి.

నీళ్ల సంగతి. పోయొచ్చు, మీ స్నేహితుడి పాపపుణ్యాలు పక్కనపెట్టండి. ఇక్కడ డిస్టిలరీల్లో బ్లెండర్లు, అంటే విస్కీలు కలిపే నిపుణులు, వాసన చూసేటప్పుడు నీళ్లు పోసి 20 శాతానికి దించి చూస్తారు. 2017లో స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయంలో ఇద్దరు శాస్త్రవేత్తలు కంప్యూటర్ నమూనాతో దీన్ని చూశారు. విస్కీకి పొగ వాసన ఇచ్చే గ్వాయకోల్ అనే పదార్థం ఆల్కహాల్ 45 శాతానికి లోపు ఉంటే పైపొరకు చేరుతుందనీ, 59 దాటితే లోపలికి దిగిపోతుందనీ రాశారు. వాళ్లు చూసింది పండ్ల ఎస్టర్లను కాదు, అయినా నీళ్లు వాసనను మారుస్తాయన్నది గ్లాసు చేతిలో ఉన్న ఎవరికైనా తెలుస్తుంది. కాకపోతే పాత విస్కీ పెళుసు. కుర్రదానికి చెంచాడు పోసినా తట్టుకుంటుంది, ముప్పై ఏళ్లది ఒక్కోసారి మూడు చుక్కలకే చప్పబడిపోతుంది. పోసిన నీళ్లు వెనక్కి తీయలేం కదా. అందుకే సగం గ్లాసు ఉత్తదే తాగి, మిగతాదాంట్లో డ్రాపర్‌తో రెండు చుక్కలు వేసి, ఐదు నిమిషాలు ఆగి చూడండి. మీ 48 శాతానికి నాలుగైదు చుక్కలు హద్దు. ఫిల్టర్ నీళ్లు చాలు, క్లోరిన్ వాసన వచ్చే కుళాయినీళ్లు మాత్రం వద్దు.

నీళ్లు పడగానే మసకబారితే కంగారుపడకండి, కొన్ని పెద్ద ఎస్టర్లు విడివడటం వల్ల అలా అవుతుంది. ఆ మసక రాకుండా చాలా కంపెనీలు చల్లబరిచి వడగడతాయి. వడగట్టనిది దొరికితే నేను అదే కొంటాను.

ఐసు పాపం కాదు, దండగ. ఐసు వేస్తే వాసన ముడుచుకుపోతుంది, మీ బావగారు తెచ్చిన సీసా విలువంతా వాసనలోనే ఉంది. ఆయన ఐసుతోనే తాగుతానంటే ఆయనకి వేరే సీసా పెట్టండి. తెచ్చినాయన్ని కాదనడం కష్టమే, కానీ ఒక గుక్క ఉత్తది రుచి చూపించి తర్వాత ఆయనిష్టానికి వదిలేస్తే గొడవుండదు. తినడానికి మిర్చిబజ్జీ, ఉల్లిపాయ, వేయించిన చేప అన్నీ తర్వాత. మధ్యలో మంచినీళ్లు, కావాలంటే ఉప్పు లేని బిస్కట్. నోట్లో కారం ఉంటే 20 మిల్లీలీటర్లూ వృథా.

దీన్ని ఒక్కదాన్నే తాగి తేల్చుకోవడం కొత్తవాళ్లకి కష్టం. పక్కన ఒక మామూలు కుర్ర మాల్ట్ పెట్టుకోండి. గ్లెన్‌ఫిడిక్ 12లో బేరిపండు, గ్లెన్‌లివెట్ 12లో అనాస, గ్లెన్‌మారంజీ ఒరిజినల్‌లో నారింజ సులువుగా దొరుకుతాయి. ‘ఆరెంజీ’తో ప్రాస కలిపి పలికితే ఆ మూడోదాని పేరు సరిగా వస్తుంది. ఆ డిస్టిలరీలో స్టిల్ మెడ ఒక్కటే ఐదు మీటర్ల పైన, నిండుగా ఎదిగిన జిరాఫీ అంత ఎత్తు, అందుకే తేలికపాటి ఆవిరే పైకి చేరుతుంది. వీటిలో ఏదో ఒకటి నాలుగు సాయంత్రాలు వాసన చూసి, పండుని గుర్తుపట్టాక మీ 1976 దగ్గరకి వెళ్లండి. పచ్చికాయకీ మాగిన పండుకీ ఉండే తేడా తెలుస్తుంది.

సీసా జాగ్రత్త. నిలబెట్టే ఉంచండి. పడుకోబెడితే ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. ఎండ, ఫ్రిజ్ పైన వేడి రెండూ వద్దు. పాత బిరడా విరిగితే ఏడవకండి, నాకు మూడుసార్లు విరిగింది. టీ వడగట్టే జల్లెడతో శుభ్రమైన సీసాలోకి వంపేసి, ఖాళీ అయిన వేరే మాల్ట్ బిరడా పెట్టుకోండి. అందుకే మంచి బిరడాలు పారేయకూడదు. సీసా నిండుగా ఉన్నంతవరకు ఏడాది దాటినా పెద్దగా మారదు. సగానికి దిగాక లోపల గాలి ఎక్కువై, ముందుగా పోయేది పండే. మామిడి పోయి చెక్క మిగులుతుంది. సగం అవగానే చిన్న గాజుసీసాల్లోకి అంచుదాకా నింపి గట్టిగా మూత పెట్టుకోండి. ప్లాస్టిక్‌లో పోయకండి.

మొదటి సాయంత్రం పండు దొరక్కపోతే గ్లాసులో మిగిలినదాన్ని మూత పెట్టి ఇంకో గంట వదిలేయండి. అదీ తాగేశాక గ్లాసు కడగకుండా బల్లమీదే ఉంచి పడుకోండి. పొద్దున్నే కాఫీకి ముందు వాసన చూడండి. ఆల్కహాల్ అంతా పోయి, అడుగున ఎండిన మరకలో తేనె, మైనం, తాండ్ర మిగిలి ఉంటాయి. రాత్రే ఇంట్లోవాళ్లకి చెప్పి పెట్టుకోండి, లేకపోతే మీరు లేచేసరికి ఆ గ్లాసు సింకులో ఉంటుంది.